నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్‌కి ఏ బ్యాక్‌సైట్? నాలుగు మార్కుల పోలిక, బిగింపులో వచ్చే చిక్కులు

త్రీనాట్‌త్రీ అనగానే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడే పాత తుపాకీ, లేదంటే ఎన్‌సీసీ రోజుల్లో చేతికిచ్చిన బరువైన రైఫిల్. అది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3*, ఎక్కువగా బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారీ. దాని బ్యాక్‌సైట్, అంటే గురి చూసే వెనక భాగం, బ్యారెల్ మీద ఉంటుంది. 'యు' ఆకారపు గాడిలోంచి ఫోర్‌సైట్ (బ్యారెల్ ముందు చివర ఉండే గురి) మొనను చూడాలి. ఇక్కడ చెప్పబోయేది దాని తర్వాతి తరం, అంటే 1939లో ఆమోదం పొంది 1941 నుంచి పెద్దఎత్తున తయారైన నంబర్ 4 గురించి. ఇందులో బ్యాక్‌సైట్ బ్యారెల్ మీద నుంచి బాడీ (బోల్టు కదిలే ఉక్కు భాగం) వెనక అంచుకు, కంటికి దగ్గరగా జరిగింది. గాడి స్థానంలో కన్నం వచ్చింది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 19 అంగుళాల నుంచి 28 అంగుళాల పైకి పెరిగింది. గురి కుదరడం తేలికైంది నిజమే, కానీ యుద్ధం ఒత్తిడిలో ఆ ఒక్క సైట్‌కే మార్క్ 1 నుంచి మార్క్ 4 దాకా నాలుగు రూపాలు పుట్టి, ఇప్పుడు కొనేవాళ్ళకి తలనొప్పి అయింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇండియాలో .303 నిషేధిత బోర్. ఆయుధ చట్టం తుపాకీ విడిభాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కిస్తుంది. కాబట్టి ఇది అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల అక్కడి చట్టం ప్రకారం రైఫిల్ ఉన్నవాళ్ళ కోసం. ఊళ్ళో ఉన్నవాళ్ళు చరిత్రగా చదువుకోవచ్చు.

తొందరలో ఉన్నవాళ్ళకి జవాబు ఇదీ. 100 నుంచి 300 గజాల రేంజిలో కాగితం మీద తూటా దెబ్బల గుంపు చిన్నది చేసుకోవాలంటే మార్క్ 1. రైఫిల్ యుద్ధకాలపు రూపంలోనే ఉండాలంటే దాని మీద ఏది ఉందో అదే, అది మార్క్ 2 ఫ్లిప్ సైటైనా సరే. మార్క్ 1 ఖరీదు ఎక్కువనిపిస్తే మార్క్ 3 లేదా 4. అయితే ఏదీ కొనకముందు మీ రైఫిల్ బాడీ చెవులు (సైట్‌ని రెండు పక్కలా పట్టుకునేవి), వాటి మధ్య పిన్ను ఎలా ఉన్నాయో చూడండి. సైట్ బాగోలేదని జనం చేసే ఫిర్యాదుల్లో అసలు దోషం చాలాసార్లు అక్కడే ఉంటుంది. చెవులు వదులుగా ఉంటే మార్క్ 1 పెట్టినా మార్క్ 2 పెట్టినా ఒకటే.

మార్క్ 1: సింగర్

దీన్ని కలెక్టర్లు సింగర్ సైట్ అంటారు. మన ఇళ్ళలో కుట్టుమిషన్ మీద కనిపించే పేరే. ఉక్కు ముక్కను కోసి, మలిచి చేసిన సైట్ ఇది. పైన చిన్న మరచుట్టు తల ఉంటుంది, తిప్పితే లోపలి సన్నటి స్క్రూ మీద స్లైడ్ టిక్కు టిక్కుమంటూ పైకీ కిందికీ కదులుతుంది. స్లైడ్ కదిలే నిలువు పలకే లీఫ్, దాన్ని మడవొచ్చు, నిలబెట్టొచ్చు. లీఫ్ మీద 200 నుంచి 1300 గజాల దాకా గుర్తులు. లీఫ్ మడిచినప్పుడు దాని మొదట్లో ఉన్న పెద్ద కన్నం నిలబడుతుంది, అది హడావిడిగా కాల్చడానికి. లీఫ్ నిలబెడితే చిన్న కన్నం వస్తుంది, అది నిదానంగా గురి చూడడానికి.

నలభై దాటినవాళ్ళు ఆ చిన్న కన్నాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కన్నం చిన్నదయ్యే కొద్దీ ఫోర్‌సైట్ మొన అంచులు తీరుగా కనిపిస్తాయి. చత్వారం వచ్చిన కంటికి ఇది పెద్ద తేడా. వెలుతురు బాగా ఉండాలన్నది ఒక్కటే షరతు.

లోపాలకు కొదవ లేదు. స్క్రూకీ స్లైడ్‌కీ మధ్య అరుగుదల వస్తే తిప్పినా మొదటి కొంచెంసేపు ఏమీ కదలదు. దీనికి మందు కొత్త సైట్ కాదు, అలవాటు. ఎప్పుడూ కావలసిన గుర్తు కన్నా కిందికి దించి, అక్కడి నుంచి పైకి తెచ్చి ఆపండి. అరుగుదల ఉన్నా ప్రతిసారీ ఒకే వైపున కూర్చుంటుంది. టిక్కు వినిపించడం మానేస్తే లోపలి చిన్న స్ప్రింగ్‌లో గట్టిపడిన పాత గ్రీజు ఉందేమో చూడండి. దశాబ్దాల కిందట గోదాములో పూసిన గ్రీజు ఇప్పుడు మైనంలా బిగుసుకుని ఉంటుంది. ఒక రాత్రి కిరసనాయిలులో నానబెట్టి, పొద్దున మెత్తటి బ్రష్‌తో తోమితే చాలా స్ప్రింగులు మళ్ళీ పలుకుతాయి.

ఇంకో తిరకాసు. కనిష్ఠ గుర్తు 200 గజాలు. మనలో చాలామంది కాల్చేది 100 గజాల దగ్గర. మార్క్ 7 తూటా తరహా 174 గ్రెయిన్ల బుల్లెట్‌తో 200 గుర్తు మీద 100 గజాల దగ్గర కాలిస్తే దెబ్బ సుమారు 3 అంగుళాలు పైన పడుతుంది. సైట్ చెడిపోయిందనుకోకండి, అది దాని లెక్క. సర్దుబాటు ఫోర్‌సైట్ దగ్గర చేయాలి, ఆ సంగతి కిందకి వస్తుంది.

మార్క్ 2: రెండు కన్నాల ఫ్లిప్

1940లో డన్‌కర్క్ నుంచి సైన్యం వెనక్కి వచ్చాక బ్రిటన్‌కి రైఫిళ్ళు లక్షల్లో కావలసి వచ్చాయి. అంత మిల్లింగ్ పనిపడే మార్క్ 1 సైట్ ఆ వేగానికి అడ్డం. అందుకే 'ఎల్' ఆకారంలో రెండు కన్నాల సాదా సైట్ వచ్చింది. ఒకటి 300 గజాలకు, రెండోది 600కి. వేలితో తిప్పడమే, ఇంకేమీ లేదు. అమెరికాలో సావేజ్, కెనడాలో టొరంటో దగ్గరి లాంగ్ బ్రాంచ్ చేసిన యుద్ధకాలపు రైఫిళ్ళ మీద ఇది బాగా కనిపిస్తుంది. సావేజ్ భాగాల మీద చదరంలో 'ఎస్' అక్షరం, లాంగ్ బ్రాంచ్ వాటి మీద 'ఎల్‌బి' ముద్ర ఉంటుంది. రైఫిల్‌కి సరిపోయే సైట్ వెతికేవాళ్ళు ముందు చూడాల్సింది ఆ ముద్రలే.

దీన్ని చవక సరుకని చాలామంది ఎగతాళి చేస్తారు. మా అభిప్రాయం వేరు. ఇందులో జారడానికి స్లైడ్ లేదు, అరగడానికి స్క్రూ లేదు. పిన్ను గట్టిగా ఉంటే వంద రౌండ్ల తర్వాత కూడా కన్నం పెట్టిన చోటే ఉంటుంది. ఎప్పుడూ ఒకే దూరంలో కాల్చేవాడికి ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

చిక్కల్లా 300 గజాల కన్నంలోంచి 100 గజాల కాగితం మీద కాల్చినప్పుడే. దెబ్బ సుమారు 6 అంగుళాలు పైకి పోతుంది. మార్క్ 1లోలాగా దించుకునే వీలు లేదు. బుల్‌కి (టార్గెట్ నడిమి చుక్కకి) 6 అంగుళాలు కింద గురి పెట్టడం ఒక దారి, ఫోర్‌సైట్ బ్లేడు ఎత్తు పెంచడం రెండోది. రెండోది చేస్తే 600 కన్నం కూడా అంత మేర కిందికి దిగి, తన మీద రాసి ఉన్న అంకెకు కట్టుబడదు. 600 గజాల రేంజి దగ్గరలో లేనివాళ్ళకి దీనివల్ల నష్టం లేదు.

మార్క్ 3, మార్క్ 4

ఇవి రెండూ రేకు ఒత్తి చేసినవి. నిలువు నిచ్చెన లాంటి లీఫ్, దాని మీద పక్కన నొక్కుడు మీట ఉన్న స్లైడ్. నొక్కి పట్టి జరిపి వదిలితే గాడిలో పడుతుంది. మార్క్ 1 లాగే దూరాల గుర్తులుంటాయి, సన్న సర్దుబాటు ఉండదు. గాడి నుంచి గాడికి దూకడమే. రెండు మార్కుల మధ్య తేడాలు తయారీ వివరాలవి, కాల్చేవాడికి వాటితో పని లేదు.

కొనేటప్పుడు ఒకే పరీక్ష చేయండి. స్లైడ్‌ని మధ్య గుర్తు మీద నిలిపి, మీట నొక్కకుండా బొటనవేలితో కిందికి గట్టిగా తోయండి. కదిలితే వద్దు. మీట లోపలి స్ప్రింగ్ అలసిపోయి ఉండవచ్చు, లేదా లీఫ్ అంచున గాడుల పళ్ళు గుండ్రబడి ఉండవచ్చు. స్ప్రింగ్ మార్చుకోవచ్చు. పళ్ళు గుండ్రబడితే దారి లేదు, ఆకురాయితో పదును పెట్టబోతే గాడి లోతు మారి అంకెలన్నీ తప్పుతాయి.

రెండు ఉచ్చులు

మొదటిది నంబర్ 5 సైట్. జంగిల్ కార్బైన్ అని పిలిచే 1944 నాటి పొట్టి రైఫిల్‌ది. చూడ్డానికి మార్క్ 1 తమ్ముడిలా ఉంటుంది, నంబర్ 4 చెవుల మధ్య చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ గుర్తులు 800 గజాల దగ్గర ఆగిపోతాయి. పొట్టి బ్యారెల్‌కీ, తక్కువ సైట్ దూరానికీ కొట్టిన అంకెలవి. నంబర్ 4 మీద పెడితే అంకె ఒకటి, దెబ్బ ఒకటి. అమ్మేవాళ్ళు ఒక్కోసారి తెలియక, ఒక్కోసారి తెలిసే, దీన్ని మార్క్ 1 పేరుతో అంటగడతారు. ఫొటోలో లీఫ్ పై చివర అంకె 13 ఉందో 8 ఉందో చూపించమని అడగండి.

రెండోది పెద్ద కన్నం రుద్దేసిన మార్క్ 1. నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిళ్ళ మీద 32వ నంబర్ టెలిస్కోప్‌కి అడ్డం రాకుండా ఆ పెద్ద కన్నాన్ని గ్రైండ్ చేసి తీసేవారు. అంచేత ఇలాంటి సైట్ మామూలు రైఫిల్ మీద కనిపిస్తే ఎవరో మార్చి పెట్టారని అర్థం, లేదా మామూలు రైఫిల్‌ని స్నైపర్‌గా చూపి అమ్మే ప్రయత్నం. నిజమైన (టి) ఉన్నవాళ్ళు మాత్రం ఇదే వెతుక్కోవాలి. చేతిలో మంచి మార్క్ 1 ఉంది కదా అని గ్రైండర్ పట్టకండి, వెనక్కి తేలేరు.

ఇషాపూర్ 2ఎ, 2ఎ1 రైఫిళ్ళు ఉన్నవాళ్ళు ఈ నాలుగింటి జోలికి రావక్కర్లేదు. అవి నంబర్ 1 వంశం, సైట్ బ్యారెల్ మీదే. 2ఎ లో 2000 గుర్తు దాకా, 2ఎ1 లో 800 మీటర్ల దాకా ఉంటుంది.

పిన్ను, చెవులు, ప్లంజర్

సైట్ బాడీకి పట్టుకునే తీరు ఇదీ. వెనక రెండు చెవుల మధ్య లీఫ్ కూర్చుంటుంది. చెవుల గుండా అడ్డంగా ఒక ఇరుసు పిన్ను. ఆ ఇరుసు పిన్ను బయటికి రాకుండా దాన్ని అడ్డంగా కొరుకుతూ ఇంకో సన్నటి పిన్ను. లీఫ్ కింద బాడీలోని గుంటలో స్ప్రింగ్, దాని మీద ప్లంజర్. లీఫ్‌ని నిలబడ్డప్పుడూ, మడిచినప్పుడూ స్థిరంగా పట్టి ఉంచేది ఆ ప్లంజరే.

జరిగే పెద్ద తప్పు ఆ సన్న పిన్నును గమనించకపోవడం. సుత్తితో ఇరుసు పిన్నునే బాదుతారు. అది కదలదు, లేదా కదిలి సన్న పిన్నును తెంపి, చెవి కన్నాన్ని చీల్చుకుంటూ వస్తుంది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పూర్తి మరమ్మతు చేసి, బాడీ పక్కన 'ఎఫ్‌టిఆర్' అని ముద్ర కొట్టిన రైఫిళ్ళ మీద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటి మీద వేసిన నల్లటి సన్‌కొరైట్ పెయింట్ మందంగా ఉండి సన్న పిన్ను తలను పూర్తిగా కప్పేస్తుంది. చెవి మీద ఎక్కడా పిన్ను కనబడకపోతే పిన్ను లేదని కాదు. అగ్గిపుల్ల మొనకు కొంచెం పెయింట్ రిమూవర్ అద్ది రాసి, నిమిషం ఆగి తుడవండి, గుండ్రటి గీత బయటపడుతుంది.

విప్పే వరస ఇలా. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. లీఫ్ నిలబెట్టి బోల్టు బయటికి తీయండి, లీఫ్ మడిచి ఉంటే బోల్టు రాదు. బాడీని తోలు వేసిన వైస్‌లో పట్టించండి. సన్న పిన్ను కన్నా కాస్త సన్నటి, చదును మొన పంచ్‌తో దాన్ని ముందు దింపండి. కూసు మొన పంచ్ వాడితే పిన్ను తల విచ్చుకుని ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత లీఫ్ మీద బొటనవేలు అదిమిపెట్టి ఇరుసు పిన్నును తోయండి. ఏ వైపు తల ఉందో చూసుకుని, తలలేని వైపు నుంచి తోయాలి. బొటనవేలు ఎందుకంటే, పిన్ను జారిన క్షణంలో కింద స్ప్రింగ్ ప్లంజర్‌ని ఎగరగొడుతుంది. గరాజ్ నేల మీద దాన్ని వెతకడం కన్నా పని మొత్తాన్ని ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచీలో చేతులు పెట్టి చేయడం నయం. ప్లంజర్ ఏ వైపు తిరిగి కూర్చుందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

బిగించేటప్పుడు తిప్పలన్నీ ఇరుసు పిన్నులోని అడ్డం కన్నం దగ్గర. అది చెవిలోని కన్నంతో ఒకే వరసకు రాకపోతే సన్న పిన్ను పట్టదు. పిన్నును తిప్పుతూ, సన్న డ్రిల్ బిట్ వెనక భాగాన్ని గుచ్చి చూడండి. అది అడ్డం లేకుండా అటు చివరకు దిగితేనే సన్న పిన్ను కొట్టండి. దిగకముందే కొడితే పిన్ను వంగి సగంలో ఆగుతుంది, తర్వాత దాన్ని డ్రిల్ చేసి తీయాల్సిందే.

ఇప్పుడు అసలు పరీక్ష. లీఫ్ నిలబెట్టి, పై చివర పట్టుకుని ఎడమకీ కుడికీ కదపండి. ఫీలర్ గేజ్‌తో లీఫ్‌కీ చెవికీ మధ్య ఖాళీ కొలవండి. లేత్ షాపుల్లో థౌ అని పిలిచే అంగుళంలో వెయ్యో వంతు లెక్కన, కన్నం దగ్గర 5 థౌ పక్కకు ఆడితే 100 గజాల దగ్గర దెబ్బ 0.6 అంగుళం జరుగుతుంది. 10 థౌ ఆడితే ఒకటింబావు. రైఫిలే 3 అంగుళాల గుంపు వేస్తుంటే 5 థౌ గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. 10 దాటితే మాత్రం ఏదో ఒకటి చేయాలి.

ఆ ఏదో ఒకటి ఏమిటన్నది కారణాన్ని బట్టి. పిన్ను అరిగితే కొత్త పిన్ను, చవకే. చెవి కన్నం కోలగా మారితే కన్నాన్ని రీమ్ చేసి (గుండ్రంగా పెద్దది చేసి) లావు పిన్ను వేయాలి. అది తుపాకీ మిస్త్రీ పని, చేత్తో పట్టుకునే డ్రిల్ మెషిన్ పని కాదు, కన్నం వంకర పోతే సైట్ జన్మంతా ఒక పక్కకు ఒరుగుతుంది. లీఫే సన్నగా ఉంటే ఇంకో లీఫ్ ప్రయత్నించండి. వేర్వేరు ఫ్యాక్టరీల లీఫుల వెడల్పులో చిన్న తేడాలుంటాయి, ఒకటి వదులైన చోట ఇంకోటి బిగుతుగా కూర్చోవచ్చు.

బిగుతు మరీ ఎక్కువై లీఫ్ చెవుల మధ్య దిగకపోతే రుద్దాల్సింది లీఫ్‌ని, చెవులను కాదు. చదునైన గాజు పలక మీద సన్న ఎమరీ పేపర్ పరిచి, లీఫ్ మొదలు రెండు వైపులా సమానంగా రుద్దండి. ఒకే వైపు రుద్దితే కన్నం మధ్యకు రాదు. లీఫ్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది, బాడీ పాడైతే రైఫిలే పోయింది. చెవి లోపలికి వంగి లీఫ్‌ని నొక్కుతుంటే కూడా సుత్తి పట్టకండి, గట్టిపరిచిన ఉక్కు వంగకుండా విరిగే అవకాశం ఉంది.

లీఫ్ నిలబడక వాలిపోతుంటే అందరూ స్ప్రింగ్ కొంటారు. ముందు ప్లంజర్ గుంటను దూదిపుల్లతో శుభ్రం చేసి చూడండి. చాలాసార్లు స్ప్రింగ్ బాగానే ఉంటుంది, గుంటలో బిగుసుకున్న గ్రీజు, తుప్పు ప్లంజర్‌ని పైకి రానివ్వవు.

ఫోర్‌సైట్ లేకుండా లెక్క తేలదు

నంబర్ 4 బ్యాక్‌సైట్లలో ఎడమ-కుడి సర్దుబాటు లేదు. అదంతా ఫోర్‌సైట్‌దే. కాబట్టి ఏ మార్క్ పెట్టినా చివరికి ముందుకు రావాలి. దెబ్బ ఎటు పోతుంటే ఫోర్‌సైట్‌ని అటే జరపాలి. 8 థౌ జరిపితే 100 గజాల దగ్గర 1 అంగుళం. చీలిక ఉన్న బ్లాక్ అయితే ముందు దాని బిగింపు స్క్రూ వదులు చేయండి. అది చేయకుండా కొట్టేవాళ్ళే బ్లేడు అంచులు నలిపేది.

ఎత్తుకు బ్లేడు మార్చాలి. బ్లేడ్లు 0.015 అంగుళం మెట్లలో వస్తాయి, అంకె వాటి మీదే ఉంటుంది. ఒక మెట్టు అంటే 100 గజాల దగ్గర దాదాపు 1.9 అంగుళాలు. బ్లేడు ఎత్తు పెరిగితే దెబ్బ దిగుతుంది. మార్క్ 2 తో 6 అంగుళాలు పైన పడుతోందా, మూడు మెట్లు ఎత్తు బ్లేడు. మార్క్ 1 తో 200 గుర్తు మీద 3 అంగుళాలు పైన పడుతోందా, లెక్కకు ఒకటిన్నర మెట్టు. రెండు మెట్లు ఎత్తు వేసి, మిగిలిన తేడాను స్లైడ్ కొద్దిగా లేపి సరిచేయండి. తక్కువ ఎత్తు వేస్తే దించడానికి స్లైడ్‌కి చోటుండదు. మార్క్ 3, 4 తో గాడుల మధ్యలో ఆపలేరు కాబట్టి బ్లేడును సాధ్యమైనంత దగ్గరగా ఎంచుకోవాలి. వాటి తక్కువ ధరకు మీరు చెల్లించేది ఇక్కడే, రెండు మూడు బ్లేడ్లు కొనిపెట్టుకోవాల్సి వస్తుంది.

బ్లేడు కొనేముందు మీరు రోజూ కాల్చే తూటాతోనే, ఒకే కూర్చునే పద్ధతిలో, ఐదేసి దెబ్బల గుంపులు మూడు వేసి వాటి మధ్య బిందువు నుంచి కొలవండి. పోటీల్లో దిగేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. సైన్యం ఇచ్చిన రూపంలోనే ఉండాలనే మ్యాచుల్లో పార్కర్-హేల్ లాంటి టార్గెట్ సైట్లను ఒప్పుకోకపోవచ్చు. మార్క్ 1 నుంచి 4 దాకా ఏదైనా సాధారణంగా చెల్లుతుంది, అయినా ఆ క్లబ్ నియమాలు చదివాకే డబ్బు తీయండి. తీసేసిన పాత సైట్‌ని, దాని పిన్నులు, ప్లంజర్‌తో సహా, నూనె రాసిన కాగితంలో చుట్టి రైఫిల్ సీరియల్ నంబర్ రాసి దాచండి. ఎప్పుడైనా అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.